గృహరుణం, దివాలా, ఇంటి అప్పగింత: తార్నాక – ఉస్మానియా ప్రాంతం

గృహరుణం వాయిదాలు కట్టలేని స్థితిలో తాకట్టులో ఉన్న ఇంటిని రుణదాతకు వదులుకోవడాన్ని ఇంటి అప్పగింత అంటారు. దీని చుట్టూ రెండు అపోహలు బలంగా పాతుకుపోయాయి. తాళాలు బ్యాంకు చేతిలో పెడితే అప్పు తీరిపోయినట్టేనన్నది మొదటిది. కోర్టులో ఐపీ, అంటే దివాలా పిటిషన్ పెడితే బ్యాంకు ఇంటి జోలికి రాదన్నది రెండోది. భారతీయ చట్టం ప్రకారం రెండూ తప్పే. ఇంటి మీద రుణదాతకు ఒక హక్కు, రుణగ్రహీత మీద వ్యక్తిగతంగా మరో హక్కు ఉంటాయి. ఒకటి వాడుకున్నంత మాత్రాన రెండోది రద్దు కాదు. హైదరాబాద్‌లోని తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరాలను దృష్టిలో ఉంచుకుని ఈ వ్యవహారానికి సంబంధించిన చట్టాలు, గడువులు, రక్షణలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, రుణగ్రహీతలు

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. దాని ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న తార్నాక, హబ్సిగూడ, లాలాగూడ ప్రాంతాల్లో జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సీసీఎంబీ, రైల్వే వర్క్‌షాపు ఉన్నాయి. అందుకే ఇక్కడి ఇళ్ల యజమానుల్లో అధ్యాపకులు, శాస్త్రవేత్తలు, రైల్వే ఉద్యోగులు, పింఛనుదారులు ఎక్కువగా కనిపిస్తారు. పక్కనే ఉన్న నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో చిన్న పరిశ్రమలు నడిపేవారూ ఇక్కడ నివాసం ఉంటారు. విద్యార్థులకు, పరిశోధకులకు పై అంతస్తులు అద్దెకిచ్చి ఆ అద్దెతో వాయిదా కట్టే కుటుంబాలూ ఉన్నాయి. 2017 నవంబరులో మెట్రో రైలు తార్నాక మీదుగా నడవడం మొదలైంది.

ఉద్యోగి, వ్యాపారి, అద్దె మీద ఆధారపడిన యజమాని: ఈ ముగ్గురికీ ఇల్లు చేజారే దారులు వేరు, చట్టం ఇచ్చే రక్షణలు వేరు.

తనఖా స్వరూపం

ఆస్తి బదిలీ చట్టం (1882) 58వ సెక్షన్ తనఖా రకాలను నిర్వచిస్తుంది. నగరంలో గృహరుణాలకు ఎక్కువగా వాడేది దస్తావేజులను బ్యాంకులో డిపాజిట్ చేసి సృష్టించే తనఖా. ఇందులో ఇంటి యాజమాన్యం రుణగ్రహీతదే. బాకీ తీర్చి ఇంటిని విడిపించుకునే హక్కును అదే చట్టంలోని 60వ సెక్షన్ కాపాడుతుంది. బాకీ పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, తనవల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున రుణదాత చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

రుణం ఇచ్చిన సంస్థ మారిపోవడం ఈ తరం చూసిన విషయం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, హెచ్‌డీఎఫ్‌సీ 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమయ్యాయి. మొండి బాకీలను ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అమ్మే అధికారం కూడా బ్యాంకులకు ఉంది. కాబట్టి నోటీసు అందగానే తేల్చుకోవాల్సిన మొదటి సంగతి, ఈ రోజున బాకీ ఎవరికి ఉన్నామన్నది. రుణం చేతులు మారిందని చెప్పేవారిని బదిలీ పత్రం వివరాలు రాతపూర్వకంగా అడగాలి.

బాకీ ఎందుకు త్వరగా తగ్గదు

ఉదాహరణకు 40 లక్షల రూపాయల రుణం, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ అనుకుందాం. నెలవారీ వాయిదా దాదాపు 34,700 రూపాయలు. అయిదేళ్లలో దాదాపు 20.8 లక్షలు కట్టినా అసలులో తగ్గేది 4.75 లక్షలే, ఇంకా 35 లక్షలకు పైగా మిగిలే ఉంటుంది. మొదటి సంవత్సరాల వాయిదాల్లో సింహభాగం వడ్డీకే పోతుంది. ఇదే రుణానికి 7 శాతం వడ్డీ అయితే వాయిదా దాదాపు 31,000. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2022 మే ఆరంభంలో 4 శాతం ఉండగా 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. చర వడ్డీ మీద అప్పు తీసుకున్నవారికి దీనివల్ల వాయిదా పెరిగింది, లేదా గడువు సాగింది. ఉద్యోగం పోయినప్పుడో, పెద్ద జబ్బు చేసినప్పుడో ఇల్లు అమ్మినా బాకీ తీరని పరిస్థితి తలెత్తడానికి ఈ లెక్కే మూలం.

వాయిదా తప్పడం నుంచి వేలం దాకా

వాయిదా 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతా నిరర్థక ఆస్తి, అంటే ఎన్‌పీఏ అవుతుంది. ఆ తర్వాత రుణదాత వాడే ప్రధాన ఆయుధం 2002 నాటి సర్ఫేసీ చట్టం. సివిల్ కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారం ఇది ఇస్తుంది. మార్డియా కెమికల్స్ కేసులో 2004 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని ప్రధానంగా సమర్థించింది. ఫిర్యాదు చేయాలంటే ముందే 75 శాతం బాకీ జమ చేయాలన్న షరతును మాత్రం కొట్టేసింది.

ప్రక్రియ ఇలా సాగుతుంది:

- 13(2) సెక్షన్ కింద డిమాండ్ నోటీసు వస్తుంది. 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టమని అడుగుతుంది.
- దీనికి రుణగ్రహీత రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు. రుణదాత 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి.
- గడువు తీరాక 13(4) సెక్షన్ కింద స్వాధీన నోటీసు ఇస్తారు. దాన్ని ఇంటి వీధి తలుపు మీదో, బయటికి కనిపించే చోటనో అతికిస్తారు. ఏడు రోజుల్లోగా రెండు దినపత్రికల్లో ప్రచురిస్తారు. వాటిలో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి.
- ఇంట్లో ఉన్నవారు ఖాళీ చేయకపోతే 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయిస్తారు. మేజిస్ట్రేటు అడ్వకేట్ కమిషనర్‌ను నియమించవచ్చు.
- వేలానికి ముందు రుణగ్రహీతకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. మొదటి వేలం విఫలమైతే తర్వాతి వేలానికి 15 రోజులు చాలు.

మొదటి వాయిదా తప్పిన నాటి నుంచి వేలం దాకా చట్టప్రకారం ఆరు నెలలకు తక్కువ కాని వ్యవధి ఉంటుంది. ఈ ఆరు నెలలే ఇంటి యజమానికి అసలైన ఆస్తి. తపాలావాడు తెచ్చిన రిజిస్టర్డు కవరు తీసుకోకుండా తిప్పి పంపడం, ఫోన్లు ఎత్తకపోవడం వల్ల గడువు ఆగదు, అభ్యంతరం చెప్పే అవకాశం మాత్రం పోతుంది.

ఇంటిని విడిపించుకునే హక్కుకూ గడువుంది. 2016 సవరణ తర్వాత 13(8) సెక్షన్ ప్రకారం వేలం ప్రకటన ప్రచురితమయ్యేలోపే మొత్తం బాకీ కట్టాలి. సెలిర్ వర్సెస్ బాఫ్నా మోటార్స్ కేసులో 2023 సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. వేలం పూర్తయ్యాక డబ్బు తెస్తామంటే ఆ హక్కు నిలవదు.

ఫిర్యాదు ఎక్కడ

స్వాధీన చర్య మీద 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి వెళ్లవచ్చు. 1993 చట్టం కింద ఏర్పడిన ఈ ట్రిబ్యునళ్లు తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విశాఖపట్నాల్లో ఉన్నాయి. వాటి తీర్పు మీద అప్పీలుకు కోల్‌కతాలోని అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అప్పీలుకు బాకీలో 50 శాతం జమ చేయాలి. ట్రిబ్యునల్ దాన్ని 25 శాతం దాకా తగ్గించగలదు. ఇల్లు కోల్పోతున్న కుటుంబానికి ఆ జమ మొత్తం, ఆ దూరం రెండూ భారమే. అందువల్ల మొదటి మెట్టులోనే కేసును పత్రాలతో బలంగా నిలబెట్టుకోవడం అవసరం. నేరుగా హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకోవచ్చన్న ఆశ కూడా అంతగా ఫలించదు. ట్రిబ్యునల్ మార్గం ఉండగా రిట్లను హైకోర్టులు సాధారణంగా స్వీకరించరాదని సత్యవతి టాండన్ కేసులో 2010లోనే సుప్రీంకోర్టు హెచ్చరించింది.

వసూలు ఏజెంట్ల ప్రవర్తన, తప్పుడు చార్జీలు, జవాబు రాని ఫిర్యాదుల మీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ముందు రుణదాతకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూడాలి. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టం చేసింది. బంధువులను, ఇరుగుపొరుగును వేధించడం కూడా నిషిద్ధం.

ఇంటి అప్పగింత పద్ధతులు

ఇల్లు నిలుపుకోలేమని తేలినప్పుడు మూడు దారులుంటాయి.

మొదటిది, బ్యాంకు అనుమతితో యజమాని తానే అమ్మడం. డిమాండ్ నోటీసు వచ్చాక రుణదాత రాతపూర్వక సమ్మతి లేకుండా ఇంటిని అమ్మడం, లీజుకివ్వడం కుదరదు. సమ్మతి ఉంటే కొనుగోలుదారు సొమ్ము నేరుగా రుణఖాతాలో జమ చేసి దస్తావేజులు విడిపించుకోవచ్చు. ధర విషయంలో యజమానికి మాట చెల్లేది ఈ దారిలోనే.

రెండోది, ఒకేసారి పరిష్కారం, అంటే ఓటీఎస్. బ్యాంకు కొంత వదులుకుని మిగతాది తీసుకుంటుంది. ఇది బ్యాంకు విధానమే తప్ప రుణగ్రహీత హక్కు కాదు. లోక్ అదాలత్‌లో కుదిరితే ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు.

మూడోది, స్వచ్ఛందంగా స్వాధీనం ఇవ్వడం. మేజిస్ట్రేటు దాకా వెళ్లే ఖర్చు తప్పుతుంది. ఆ ఖర్చు చివరికి రుణగ్రహీత ఖాతాలోనే పడుతుంది కాబట్టి ఇది నిజమైన ఆదా. అయితే తాళాలు ఇచ్చిన రోజున ఒక పత్రం తప్పనిసరిగా రాయించుకోవాలి. అందులో తేదీ, అధీకృత అధికారి సంతకం, ముద్ర, విద్యుత్ సర్వీసు నంబరు, మీటరు రీడింగు, జలమండలి క్యాన్ నంబరు, ఆస్తిపన్ను పీటీఐఎన్, అపార్ట్‌మెంట్ నిర్వహణ బకాయి, ఇంట్లో మిగిలిన సామాను జాబితా ఉండాలి. సామాను తాకట్టులో భాగం కాదు. మంచాలు, బీరువాలు, పిల్లల పుస్తకాలు యజమానివే. పత్రం లేకపోతే తర్వాతి నెలల కరెంటు బిల్లు, పన్ను ఎవరివన్న వివాదం మళ్లీ పాత యజమాని మెడకే చుట్టుకుంటుంది.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా ఒక వాక్యం రాతపూర్వకంగా సాధించుకోవాలి: ఈ చెల్లింపుతో రుణఖాతా పూర్తిగా పరిష్కారమైంది, ఇక బాకీ లేదు. ఆ వాక్యం లేని అప్పగింత ఇంటిని మాత్రమే తీసుకెళ్తుంది, అప్పును కాదు.

వేలం తర్వాత మిగిలేది

పై ఉదాహరణలో బాకీ వడ్డీ, ఖర్చులతో 38 లక్షలకు చేరిందనుకుందాం. ఫ్లాటు 42 లక్షలకు పోతే మిగులు 4 లక్షలు యజమానికి తిరిగి ఇవ్వాలని సర్ఫేసీ చట్టం 13(7) సెక్షన్ చెబుతుంది. 34 లక్షలకే పోతే 4 లక్షల లోటు కోసం 13(10) సెక్షన్ కింద రుణదాత మళ్లీ దావా వేయవచ్చు. 20 లక్షలు, ఆపైన అయితే డీఆర్‌టీలో, తక్కువైతే సివిల్ కోర్టులో. వేలం అయిపోయాక రుణదాత నుంచి ఖాతా లెక్క రాతపూర్వకంగా తెప్పించుకోవడం అందుకే ముఖ్యం. మిగులు వచ్చిందని తెలియక అడగనివారూ, లోటు ఉందని తెలియక మూడేళ్ల తర్వాత సమన్లు అందుకునేవారూ ఉంటారు.

పన్ను విషయం కూడా మరవరాదు. వేలం సొమ్ములో పెద్ద భాగం అప్పుకే పోయినా అది యజమాని చేసిన అమ్మకంగానే లెక్కలోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అత్తిలి ఎన్. రావు కేసులో ప్రభుత్వానికి తాకట్టు పెట్టిన ఆస్తి వేలానికి పోయినప్పుడు, తాకట్టు బాకీ తీసేయకుండా మొత్తం ధర మీదే మూలధన లాభం లెక్కించాలని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఐపీ: వ్యక్తిగత దివాలా

తెలుగునాట ఐపీ పెట్టడమంటే దివాలా పిటిషన్ వేయడం. హైదరాబాద్‌లో దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టు అధీనంలోకో, రిసీవర్ చేతికో వెళ్తుంది. మామూలు అప్పులవాళ్లు విడివిడిగా వసూలు చర్యలు తీసుకోకుండా ఆగుతారు. కానీ 28(6) సెక్షన్ తాకట్టు రుణదాతను మినహాయిస్తుంది. అతను తన తాకట్టును అమ్ముకోవచ్చు, చాలని మొత్తానికి 47వ సెక్షన్ కింద మిగతా అప్పులవాళ్ల వరసలో నిలబడవచ్చు. చేబదుళ్లు, చిట్టీ బాకీల ఒత్తిడిని ఐపీ తగ్గించగలదు. గృహరుణం వేలాన్ని ఆపలేదు.

పిటిషన్‌కు ముందు రెండేళ్లలో మంచి విశ్వాసంతో, తగిన ప్రతిఫలంతో జరగని ఆస్తి బదిలీలను 53వ సెక్షన్ కింద కోర్టు రద్దు చేయవచ్చు. ఇల్లు పోతుందన్న భయంతో భార్య పేరున, అన్నదమ్ముల పేరున దానపత్రం రాసేవారు ఇది గమనించాలి. దివాలా ప్రకటనతో పని అయిపోదు. కోర్టు చెప్పిన గడువులో విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు చేయాలి. చేయకపోతే ప్రకటనే రద్దవుతుంది.

2016 దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం ఆధునికమైన మూడో భాగం ఉంది. అది కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మామూలు జీతగాడి గృహరుణానికి ఇంకా వర్తించలేదు. నాచారంలో కంపెనీ పెట్టి తార్నాక ఇంటిని హామీగా రాసిచ్చిన వ్యాపారికి మాత్రం ఇది నేరుగా సంబంధించిన చట్టం. కంపెనీకి లభించే మారటోరియం, అంటే వసూలు చర్యల నిలుపుదల, హామీదారుడి ఆస్తిని కాపాడదని వి. రామకృష్ణన్ కేసులో 2018 ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పింది. హామీదారు తానుగా జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో (ఎన్‌సీఎల్‌టీ) దరఖాస్తు చేస్తే తాత్కాలిక మారటోరియం వస్తుంది. ఈ నిబంధనల రాజ్యాంగబద్ధతను 2023 నవంబరు 9న సుప్రీంకోర్టు ఖరారు చేసింది.

రుణదాత ముట్టుకోలేనివి

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రభుత్వ పింఛను, భవిష్యనిధుల వంటివాటిని జప్తు నుంచి కాపాడుతుంది. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు జప్తు చేయరాదు. గ్రాట్యుటీకీ చట్టరక్షణ ఉంది. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు.

జైలు భయం చాలామందిని తప్పుడు నిర్ణయాల వైపు నెడుతుంది. కట్టే స్తోమత లేనందుకే మనిషిని జైలుకు పంపరాదని జాలీ జార్జ్ వర్గీస్ కేసులో 1980లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. డబ్బు డిక్రీ అమలుకు స్త్రీని అరెస్టు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెబుతుంది. చెక్కు చెల్లకపోవడం, ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా వెళ్లే వాయిదా తిరిగిరావడం మాత్రం క్రిమినల్ కేసులకు దారితీస్తాయి. ఖాతాలో డబ్బు ఉండదని తెలిసినప్పుడు ముందే బ్యాంకుకు రాసి తెలపడం మంచిది.

అద్దెకున్నవారు

విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఈ ప్రశ్న తరచూ పుడుతుంది. తనఖాకు ముందే చట్టబద్ధంగా కుదిరిన లీజు గడువు దాకా నిలుస్తుంది. డిమాండ్ నోటీసు తర్వాత రుణదాత సమ్మతి లేకుండా ఇచ్చిన లీజు నిలవదు. 2016 సవరణతో అద్దెదారు తన హక్కును డీఆర్‌టీలోనే చెప్పుకునే వీలు కలిగింది. అడ్వాన్సు ఇచ్చే ముందు విద్యార్థులు అద్దె ఒప్పందాన్ని కాగితం మీద పెట్టించుకోవాలి. తలుపు మీద స్వాధీన నోటీసు కనిపిస్తే నోటిమాట ఒప్పందం వారిని కాపాడలేదు.

క్రెడిట్ చరిత్ర

ఓటీఎస్ కుదిరిన ఖాతా క్రెడిట్ రిపోర్టులో పరిష్కరించినదిగా నమోదవుతుంది, పూర్తిగా కట్టి మూసినదిగా కాదు. ఈ రెంటి తేడా తర్వాతి రుణం అడిగినప్పుడు తెలుస్తుంది. దేశంలోని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పు నమోదు మీద ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఉంటుంది.

అమెరికాలోని తెలుగువారు

ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లినవారికి అక్కడి చట్టం వేరేగా వర్తిస్తుంది. చాప్టర్ 7 దివాలాలో ఇల్లు వదులుకుంటున్నట్టు చెప్పి విముక్తి పొందితే రుణం మీద వ్యక్తిగత బాధ్యత పోతుంది. రుణదాత డబ్బు కట్టమని ఒత్తిడి చేయకూడదు. అయినా యాజమాన్యం బదిలీ అయ్యేదాకా పాత యజమాని పేరే రికార్డులో ఉంటుంది. పిటిషన్ తర్వాత పడే గృహయజమానుల సంఘం రుసుములు అతని మీదే పడతాయి. ఇల్లు వెంటనే తన పేరున మార్చుకోవాలన్న నిర్బంధం రుణదాతకు లేదు. ఆస్తి ఎక్కడున్నా పిటిషన్‌లో చూపాలి కాబట్టి తార్నాకలో ఫ్లాటు ఉంటే దాన్నీ రాయాలి. హైదరాబాద్ రుణంలో తల్లిదండ్రులు సహరుణగ్రహీతలైతే, కొడుకు అక్కడ విముక్తి పొందినా వారి బాధ్యత ఇక్కడ అలాగే ఉంటుంది.

అంచనా

రుణదాతకు వేగంగా అమ్ముకునే అధికారాన్ని 2002లోనే ఇచ్చిన చట్టవ్యవస్థ, నిజాయితీగా చితికిపోయిన గృహరుణగ్రహీతకు మళ్లీ లేచి నిలబడే దారిని నేటికీ పూర్తిగా ఇవ్వలేదు. 2016 స్మృతిలోని మూడో భాగాన్ని మామూలు వ్యక్తులకూ అమలు చేయడం న్యాయం. అది జరిగేదాకా రుణగ్రహీతకు రక్ష గడువులే. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, నిర్ణీత ఆదాయంలోపు ఉన్నవారికి 1987 చట్టం ఉచిత న్యాయసహాయం ఇస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడిగితే చాలు. డిమాండ్ నోటీసు అందిన వారంలోనే న్యాయవాదిని కలవండి, ప్రతి మాటా కాగితం మీద పెట్టించండి, బాకీ లేదన్న పత్రం చేతికి రానిదే తాళాలు ఇచ్చి పని ముగిసిందనుకోకండి.